మొదటి పది నిమిషాలు గిన్నె పాపది: చంటిపిల్లలకు గిన్నెలో, కంచంలో తినడం అలవాటు చేయడం ఎలా?

మన ఇళ్లలో చంటిపిల్లలకు అన్నం పెట్టడం అంటే గోరుముద్దలే. అమ్మమ్మో నాయనమ్మో గిన్నె పట్టుకుని, కారిడార్‌లో లిఫ్ట్‌ని, బాల్కనీలో పావురాన్ని చూపిస్తూ ఒక్కో బుక్క నోట్లో పెట్టేస్తుంటే, ఎంత తిన్నాడో ఏం తిన్నాడో పిల్లాడికే తెలియదు. కడుపు మాత్రం నిండుతుంది. చిక్కంతా ప్లేస్కూల్‌కి వెళ్లే రోజున వస్తుంది. డబ్బా మూత తీసి ముందు పెట్టినా వాడి చెయ్యి కదలదు, ఎవరో వచ్చి పెడతారని చూస్తుంటాడు.

అలాగని గోరుముద్దలు మానేయాల్సిన పని లేదు. రోజుకి ఒక్క పూట, మొదటి పది నిమిషాలు గిన్నె పిల్లలది, ఆ తర్వాత మీది. ఇంట్లో అందరూ ఈ ఒక్క ఒప్పందానికి కట్టుబడితే మిగతాదంతా మెల్లగా దారిలో పడుతుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి

ఆరు నెలలు నిండాక తల్లిపాలతో పాటు ఉగ్గు మొదలవుతుంది. అప్పటికి పిల్లలు ఏ వస్తువునైనా గుప్పిటంతా బిగించే పట్టుకుంటారు. తొమ్మిదో నెల అటూ ఇటూగా బొటనవేలు, చూపుడువేలు కలిపి పట్టుకోవడం వస్తుంది. నేల మీద పడిన అన్నం మెతుకుని మీకంటే ముందు చూసి, రెండు వేళ్లతో ఏరి నోట్లో వేసుకుందంటే ఇక గిన్నె ముందు పెట్టొచ్చని అర్థం. ఏడాది దాటాక చెంచాతో ఆడటం, ఏడాదిన్నరకి చెంచాతో తినే ప్రయత్నం చేయడం, రెండేళ్లకి చాలావరకు చెంచాతోనే తినేయడం, మామూలుగా ఈ వరసలో జరుగుతుంది. ఒకరిద్దరు నెలో రెండు నెలలో అటూ ఇటూ అయితే టెన్షన్ పడాల్సింది లేదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు మాత్రం లెక్క పుట్టిన తేదీ నుంచి వేయకండి, డాక్టర్ ముందు చెప్పిన డెలివరీ తేదీ నుంచి వేయండి.

ఎలాంటి గిన్నె

ఆన్‌లైన్‌లో జంతువుల బొమ్మలున్న సెట్లు కొనేముందు ఒకసారి మీ వంటింటి అటక మీద టిఫిన్ క్యారియర్ ఉందేమో చూడండి. అందులో కూర పెట్టే పొట్టి గిన్నె ఈ పనికి భలే సరిపోతుంది. అడుగు చదునుగా ఉంటుంది, గోడ నిటారుగా లేస్తుంది, అంచు మడిచి ఉంటుంది. నిటారు గోడే ఇక్కడ కీలకం. పాప చెంచాని అన్నంలోకి తోసినప్పుడు ఆ అన్నం వెళ్లి గోడకు ఆనుతుంది, ఇంకెక్కడికీ పోలేక చెంచా మీదికి ఎక్కుతుంది. అదే చదునైన పళ్లెంలో అయితే చెంచా తోసేకొద్దీ అన్నం ముందుకు జరిగి అవతలి అంచు దాటి కింద పడుతుంది. పాయసం కప్పుల్లాంటి గుండ్రటి అడుగు గిన్నెలు కూడా వద్దు, అంచు మీద చెయ్యి ఆనించగానే బోర్లాపడతాయి.

కొత్తది కొనాలనుకుంటే, హైదరాబాద్‌లో ఉండేవాళ్లు బేగంబజార్ స్టీలు షాపులకు వెళ్లండి. అక్కడ చాలా సామాను తూకానికే అమ్ముతారు, చిన్న గిన్నెకి పెద్ద ఖర్చేమీ కాదు. చేతిలో బరువుగా అనిపించేది తీసుకోండి, అంచు చుట్టూ లోపలా బయటా వేలితో తడిమి చూడండి, ఎక్కడా గీసుకోకూడదు. సికింద్రాబాద్ వైపు ఉండేవాళ్లకు జనరల్ బజార్ దగ్గర. స్టీలుకి ఒక్కటే ఇబ్బంది, వేడి వెంటనే చేతికి తగులుతుంది. అందుకని అన్నం వేరే గిన్నెలో కలిపి, చల్లార్చి, మీ మణికట్టు మీద కొంచెం పెట్టి చూసుకున్నాకే పిల్లల గిన్నెలోకి తీయండి.

అన్నప్రాశనకి వచ్చిన వెండి గిన్నె సంగతి అడుగుతారని తెలుసు. వాడితే తప్పేం లేదు, కానీ తేలిగ్గా ఉంటుంది, ఊరికే దొర్లుతుంది, గుడ్డు పెట్టారంటే నల్లబడుతుంది. బీరువాలోనే ఉండనివ్వండి. కళాయి లేని ఇత్తడి గిన్నెల్లో పెరుగన్నం, పులుపు తగిలిన పప్పు పెట్టకండి. మెలమైన్ ప్లేట్లలో వేడివేడిగా వడ్డించొద్దు, మైక్రోవేవ్‌లో అసలే పెట్టొద్దు, గీతలు పడ్డవి పారేయండి.

అడుగున అంటుకునే సిలికాన్ గిన్నెలు బాగానే పనిచేస్తాయి, అయితే సన్‌మైకా, గ్రానైట్, గాజు లాంటి నున్నటి వాటి మీదే. గరుకు చెక్క మీద నిలవవు. పైగా కొన్నాళ్లకి పాప దాని చెవి పట్టి లాగేయడం నేర్చుకుంటుంది, ఇక తిండి పక్కకి పోయి అదే ఆట. చేతి రుమాలు తడిపి, గట్టిగా పిండి గిన్నె కింద పరిచినా గిన్నె జరగదు. నా ఓటు దానికే.

చెంచాలు రెండు కావాలి, ఒకటి పాపకి, ఒకటి మీకు. పాపది పొట్టిగా, పిడి లావుగా, లోతు తక్కువగా ఉండాలి. పొడుగు పిడి చెంచా ఇస్తే గురి నోటికి కాకుండా చెంపకో కంటికో వెళ్తుంది.

కూర్చోబెట్టడం

హై చైర్ ఉంటే పాదాలు ఆనేలా చూడండి. కాళ్లు గాల్లో వేలాడుతుంటే పిల్లల శ్రద్ధంతా పడిపోకుండా కూర్చోవడం మీదే ఉంటుంది. కాలి పలక కిందికి ఉంటే దాని మీద పాత పుస్తకాల కట్ట కట్టేయండి.

హై చైర్ లేకపోతే ఏ లోటూ లేదు, నేల మీద సక్లముక్లం వేసి కూర్చోబెట్టండి. కానీ కంచం కూడా నేల మీదే పెడితే పాప పూర్తిగా వంగాలి, చెంచా నోటికి చేరేలోపు ప్రయాణం మరీ ఎక్కువైపోతుంది. ముందు ఒక చెక్కపీట వేసి దాని మీద గిన్నె పెట్టండి. గిన్నె అంచు పాప బొడ్డుకి, ఛాతీకి మధ్య ఉంటే మోచెయ్యి పీట మీద ఆనుతుంది, చెయ్యి వణకదు. అన్నిటి కిందా పాత దుప్పటి పరవండి. టైల్స్ మీద పెరుగు పడితే మనమే జారిపడతాం, ఎండాకాలమైతే ఆ మెతుకులకి పావుగంటలో చీమలు బారు కడతాయి. తిన్నాక దుప్పటి నాలుగు మూలలూ పట్టుకుని తీసి దులిపేస్తే పని అయిపోతుంది.

పక్కన మీరూ మీ కంచం పెట్టుకుని కూర్చోండి. పిల్లలు చెంచా పట్టుకోవడం చూసే నేర్చుకుంటారు. ఆఫీసు, ట్రాఫిక్ దాటుకుని ఇల్లు చేరేసరికి తొమ్మిదయ్యే వాళ్లు ఉదయం టిఫిన్‌నో, సెలవు రోజు మధ్యాహ్నాన్నో ఎంచుకోండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే సాయంత్రం స్నానానికి ముందు పూట అన్నిటికన్నా మంచిది. పెరుగు జుట్టుకి పూసుకున్నా ఎవరికీ కోపం రాదు, ఎలాగూ నీళ్లు పోయాలి కదా!

ఫోన్, టీవీ ఆపేయండి. రెండేళ్లలోపు పిల్లలకు స్క్రీన్ అసలు వద్దనే మన పిల్లల డాక్టర్ల సంఘం చెబుతోంది. ఆ సంగతి పక్కన పెట్టినా, కళ్లు ఫోన్ మీద ఉంటే చెయ్యి గిన్నెని వెతుక్కోలేదు.

ఏం వడ్డించాలి, ఎంత

చాలా ఇళ్లలో ఈ ప్రయత్నం ఆగిపోయేది ఇక్కడే. చారన్నం పెట్టి చెంచా చేతికిస్తారు, అంతా ఒంటి మీద పోసుకుంటుంది, "దీనికింకా రాదులే" అని తీర్మానించేస్తారు. ఆ వయసులో పిల్లల మణికట్టు ఇంకా సరిగ్గా తిరగదు. చెంచా నోటి దాకా బానే వస్తుంది, తీరా పెదాల దగ్గరికొచ్చాక బోర్లా తిరుగుతుంది. కావాలంటే దగ్గర కూర్చుని గమనించండి, ప్రతిసారీ అక్కడే తిరుగుతుంది. అందుకని బోర్లా తిరిగినా రాలిపోని తిండి పెట్టాలి. మీరే చెంచాతో తీసి తలకిందులు చేసి చూడండి. ఒకటి, రెండు అని లెక్కపెట్టేదాకా అంటుకుని ఉంటే సరే, అంతకంటే ముందే జారిపోతే ఇంకొంచెం గట్టిగా కలపండి.

నెయ్యి వేసి మెత్తగా మెదిపిన ముద్దపప్పన్నం, గట్టి పెరుగన్నం, బాగా ఉడికిన ఉప్మా, మెదిపిన చిలగడదుంప, పెరుగుతో కలిపిన రాగిసంకటి, నానబెట్టిన అటుకులు ఇవన్నీ ఈ పరీక్షలో నెగ్గుతాయి. హైదరాబాద్ ఇళ్లలో పొద్దున్నే చేసుకునే మసూర్ పప్పు కిచిడీ కూడా అంతే, దాంతో నంజుకునే పుల్లటి ఖట్టా మాత్రం మీ కంచానికే ఉంచుకోండి. అంగన్‌వాడీ నుంచి బాలామృతం వస్తుంటే కొద్ది నీళ్లతో గట్టిగా కలపండి. అందులో చక్కెర ముందే ఉంటుంది, మళ్లీ వేయకండి. సాంబార్ ఇడ్లీ, మజ్జిగన్నం, పల్చటి జావ లాంటివి మీరు పెట్టే వంతులో పెట్టండి.

చెంచా తిండితో పాటు చేత్తో పట్టుకునేది ఒకటి పక్కన ఉండాలి. వేలంత పొడుగ్గా కోసిన ఇడ్లీ ముక్క, దోసె ముక్క, ఉడికించిన క్యారెట్, బొప్పాయి, ఉడికిన గుడ్డు, పప్పులో నానిన పుల్కా ఏదైనా సరే. చెంచాతో విసిగిపోయినప్పుడు దాన్ని అందుకుంటారు, తినడం ఆగదు.

ఎంత పెట్టాలంటే మూడు చెంచాలు. అది తింటే మళ్లీ మూడు. గిన్నె నిండా పెట్టారో, అది తినే గిన్నె కాస్తా పిసికే గిన్నె అయిపోతుంది. "ఏం తిన్నాడని, రెండు బుక్కలు!" అని బెంగపడే పెద్దవాళ్లకి ఒక లెక్క చెప్పండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ప్రకారం ఏడాది నుంచి రెండేళ్ల లోపు పిల్లలకి పూటకి కావాల్సింది 250 మిల్లీలీటర్ల కప్పులో ముప్పావు నుంచి పూర్తి కప్పు. అలా రోజుకి మూడు నాలుగు పూటలు, మధ్యలో ఒకటి రెండుసార్లు చిరుతిండి. మనం ఊహించుకునే రాశి కన్నా ఇది తక్కువే.

పాలు కూడా లెక్కలోకి వస్తాయి. ఏడాది దాటాక రోజుకి అర లీటరుకి మించి ఆవుపాలో గేదెపాలో తాగితే అన్నం మీద ఆకలి ఉండదు, ఒంట్లో ఇనుము తగ్గే ప్రమాదం కూడా ఉంది. ఆరింటికి సీసాడు పాలు పట్టి ఏడింటికి గిన్నె ముందు పెడితే ఏ పిల్లైనా తోసేస్తుంది. ఏడాది నిండాక సీసా మెల్లగా తీసేసి చిన్న స్టీలు గ్లాసులో రెండు గుక్కలు నీళ్లతో తాగడం మొదలుపెట్టించండి.

ఏడాది లోపు ఉప్పు, చక్కెర కలపొద్దు, తేనె అసలే నాకించొద్దు. రెండేళ్లు నిండేదాకా చక్కెర లేకపోవడమే మేలు. కూరలో కారం, తాలింపు వేయకముందే పిల్లల వంతు తీసి పక్కన పెడితే విడిగా వండే బాధ తప్పుతుంది.

గొంతుకి అడ్డం పడేవి

సొంతంగా తినడం మొదలయ్యాక దీని మీద కన్ను వేసి ఉంచాలి. పల్లీలు, శనగలు, పాప్‌కార్న్, పచ్చి క్యారెట్ ముక్క, గట్టి చాక్లెట్లు నాలుగేళ్లు వచ్చేదాకా చేతికి ఇవ్వకండి. ద్రాక్షని నిలువుగా నాలుగు ముక్కలు చేయండి. సీతాఫలం, రేగుపళ్లు, నేరేడు గింజలు తీసేసి గుజ్జే పెట్టండి. తాలింపులో ఎండుమిర్చి ముక్క, కరివేపాకు ఏరేయండి, చేప అయితే రెండుసార్లు చేత్తో మెదిపి ముల్లు చూడండి.

కొత్త ముక్క నోట్లోకి వెళ్లగానే ఓక్ మన్నట్టు చేసి, దగ్గి, ముఖం ఎర్రబడి బయటికి తోసేస్తే అది మామూలే, శరీరం తన పని తాను చేసుకుంటోంది. కంగారుపడి వేలు నోట్లో పెట్టకండి, ముక్క ఇంకా లోపలికి పోతుంది. ప్రమాదం నిశ్శబ్దంగా వస్తుంది. దగ్గు రాదు, ఏడుపు రాదు, పెదాలు నీలంగా మారతాయి. ఏడాది లోపు పిల్లయితే ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని వీపు మీద రెండు రెక్కల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు వేయాలి. తర్వాత వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో ఐదుసార్లు నొక్కాలి. ఏడాది దాటితే వీపు మీద ఐదు దెబ్బలు, తర్వాత వెనక నుంచి పట్టుకుని బొడ్డు పైన లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కడం. ముక్క బయటికి వచ్చేదాకా ఇదే మార్చి మార్చి చేస్తుండాలి, పక్కవాళ్లు 108కి ఫోన్ చేయాలి. స్పృహ తప్పితే సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ, నోటితో ఊపిరి ఊదడం) మొదలుపెట్టాలి. చదివితే రాదు ఇది, టీకాకి వెళ్లినప్పుడు డాక్టర్‌నో నర్సునో ఒకసారి చేసి చూపించమనండి. పిల్లలు తింటున్నంతసేపూ ఒక పెద్దమనిషి చేతికందే దూరంలో ఉండాలి. పరిగెడుతూ, పడుకుని తినడం వద్దు.

చెయ్యి నుంచి చెంచాకి, చెంచా నుంచి కంచానికి

ముందు చెయ్యే. గోళ్లు కత్తిరించి, సబ్బుతో కడిగి, గిన్నెలో చెయ్యి పెట్టనివ్వండి. పిసకడం కూడా తినడంలో భాగమే, మెతుకు ఎంత మెత్తగా ఉందో వేలే ముందు చెబుతుంది.

చెంచా నేర్పేటప్పుడు చివరి పని ముందు నేర్పండి. మొదట్లో మీరే చెంచాలో కొంచెం తీసి, పిడి పాప వైపు ఉండేలా గిన్నె అంచు మీద ఆనించి పెట్టండి. పాప ఎత్తి నోట్లో పెట్టుకోవడం వరకే చేస్తుంది. ఈలోపు మీరు రెండో చెంచా సిద్ధం చేస్తారు, అలా మార్చుకుంటూ పోవచ్చు. అది తడబడకుండా వచ్చాక, తీసుకోవడం నేర్పండి. పాప వెనక కూర్చుని, మోచెయ్యి కింద మీ చెయ్యి ఉంచి, చెంచాని గోడ వైపు తోయించి పైకి లేపించండి. ఎదురుగా కూర్చుని మణికట్టు పట్టుకుంటే దిశ తారుమారవుతుంది, పిల్లలకి చిరాకు కూడా. నాలుగు రోజులు పోయాక మోచెయ్యి వదిలేయండి.

ఎడమ చెయ్యి గొడవ తప్పకుండా వస్తుంది. చెంచాని గిన్నెకి నడిమధ్య పెట్టండి, ఏ చేత్తో తీసుకుంటే ఆ చేత్తో తిననివ్వండి. ఏ చెయ్యి వాటం అన్నది రెండేళ్ల తర్వాతే మెల్లగా తేలుతుంది, అప్పటిదాకా రెండూ మార్చి మార్చి వాడతారు. "ఆ చేత్తో కాదు!" అని ప్రతి బుక్కకీ చెంచా లాగేస్తే చెంచానే వద్దంటారు.

గిన్నెలో సగానికి పైగా నోట్లోకి వెళ్తోందనిపించాక కంచం తీయండి. అంచు లేచి ఉన్న చిన్న కంచమే వాడండి. మొదట మీరు ఉసిరికాయంత ముద్దలు చేసి వరసగా పెట్టండి, పాప ఒక్కోటి తీసి తింటుంది. తర్వాత కలిపిన అన్నం ఒక పక్కన పెట్టి, మీ కంచంలో మీరు వేళ్ల కొసలతో ముద్ద ఎలా నొక్కుతున్నారో కనబడేలా తినండి. కూర, పప్పు, పెరుగు విడివిడిగా ఉండే గదుల కంచం రెండేళ్లు దాటాక బాగుంటుంది. కొత్త కూర అయితే ఒక్క ముక్క గదిలో పడేయండి, ముట్టకపోయినా ఊరుకోండి. పదిసార్లు, పదిహేనుసార్లు కంచంలో కనబడ్డాక తినే పిల్లలున్నారు.

గిన్నె విసిరేస్తే

ఏడాది చుట్టుపక్కల వయసులో ఏది చేతికొచ్చినా కింద పడేసి చూస్తారు. ఆ శబ్దం, దాన్ని తీసే మీరు, రెండూ వాళ్లకి వినోదమే. మొదటిసారి మామూలు గొంతుతో "గిన్నె పీట మీద" అని తిరిగి పెట్టండి. రెండోసారి విసిరితే "చాలా? సరే" అని తీసేయండి. నవ్వొద్దు, అరవొద్దు. ముఖ్యంగా చప్పట్లు కొట్టే బాబాయిని ఆ పది నిమిషాలు వేరే గదిలో ఉంచండి. "చాలు" అని అరచెయ్యి చూపించడం నేర్పితే విసరడం చాలావరకు తగ్గుతుంది. ఇష్టంలేని ముక్క పెట్టడానికి పక్కన ఒక ఖాళీ కప్పు ఉంచండి.

ఇక పెద్దవాళ్లు. "మీరు పెట్టకండి" అంటే ఏ నాయనమ్మకైనా మనసు కష్టపడుతుంది, ఆ మాట అనకండి. "అత్తమ్మా, పది నిమిషాలు వాడినే తిననిద్దాం, తర్వాత మీరు పెట్టండి. మీ చేత్తో అయితేనే కడుపు నిండా తింటాడు" అంటే ఒప్పుకుంటారు. పది నిమిషాలయ్యాక మాట ప్రకారం గిన్నె నిజంగానే వాళ్ల చేతికివ్వాలి. అప్పుడు కూడా పాప నోరు మూసుకుంటే బలవంతం వద్దు, ఆ పూటకి అంతే.

ఏడాదిన్నర దాటినా చిన్న పలుకు తగిలితే చాలు వాంతి చేసుకుంటున్నా, రెండేళ్లొచ్చినా నమలకుండా మెత్తటిదే మింగుతున్నా, బరువు రెండు మూడు నెలలుగా పెరగకపోయినా పిల్లల డాక్టర్‌కి చూపించండి. అంగన్‌వాడీలో బరువు ఉచితంగా తూస్తారు. ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లేవాళ్లకి హైదరాబాద్‌లో నీలోఫర్ పిల్లల ఆసుపత్రి ఉంది. వెళ్లేటప్పుడు పిల్లలు తింటుండగా తీసిన రెండు నిమిషాల వీడియో ఫోన్‌లో ఉంచుకోండి. డాక్టర్ ముందు పిల్లలు ఎటూ నోరు తెరవరు.